గాడి తప్పడం

ముప్పై ఒక్క ఏళ్లు ట్రామ్ నడిపాను.
ఒక్కసారీ మలుపు తిప్పలేదు.

నవ్వకండి. ట్రామ్‌లో తిప్పే చక్రం ఉండదు.
ఎడమచేతి కింద ఒక పిడి, కుడికాలి కింద గంట.
కదులు, ఆగు, మోగించు.
మిగతా జాగ్రెబ్ నగరమంతా
ఎవరో ఎప్పుడో ఇనుముతో నిర్ణయించేశారు.

రిటైరైన రోజు డిపోలో కేకు కోశారు.
"ఇక నీ బతుకు గాడిలో పడ్డట్టే నెవెంకా" అన్నాడు మేనేజరు.
ఎప్పుడు తప్పింది గనక?

అరవై రెండో ఏట సైకిలెందుకూ అంటే
మోకాళ్లకు మంచిదని డాక్టరమ్మ చెప్పింది.
ఇంకో కారణం ఎవరికీ చెప్పలేదు.
సావ్‌స్కా వీధిలో వాన పడితే చాలు
ఒక చేత గొడుగు, ఒక చేత హ్యాండిల్
నా అద్దం ముందునుంచి అడ్డంగా దూసుకుపోయేది ఒకామె.
గంట తొక్కీ తొక్కీ పాదం నొప్పెట్టేది.
నోరారా తిట్టేదాన్ని.
ఆ తిట్ల అడుగున ఏముందో
చాలా ఏళ్లు తడిమి చూసుకోలేదు.

కింది అంతస్తు క్రెషో వాళ్ల అత్త సైకిలు బాగుచేసిచ్చాడు.
ఆకుపచ్చ రంగు, ముందు ఒక బుట్ట, బ్రేకు వేస్తే మేకపిల్ల అరుపు.
యారున్ చెరువు చుట్టూ మూడు వారాలు.
బాతులు తప్పుకున్నాయి, పిల్లలు తప్పుకున్నారు,
ఒక పొద మాత్రం తప్పుకోలేదు.

"ఇక రోడ్డెక్కండి" అన్నాడు.
రోడ్డెక్కడం వేరు, రోడ్డున పడడం వేరు.
సైకిలు మీద ఆ రెంటికీ మధ్య జానెడే.

అతను చెప్పిన పాఠం ఒకటి:
"ట్రామ్ పట్టాల్ని ఏటవాలుగా దాటొద్దు.
రొట్టె కోసినట్టు అడ్డంగా దాటండి.
టైరు గాడిలో పడిందా, మీరు నేలమీద."

నా పట్టాలు!
ఏ అతుకు దగ్గర టక్కుమంటాయో
ఏ వంపులో కీచుమంటాయో
నిద్రలో అడిగినా చెప్తాను.
ఇన్నేళ్లు తిండి పెట్టిన ఇనుము
ఇప్పుడు నోరు తెరుచుకుని నా టైరు కోసం చూస్తోంది.

అక్టోబరు, తడి ఉదయం. పడ్డాను.
గాడిలో, అక్షరాలా.
మోచెయ్యి దోక్కుపోయింది,
బుట్టలోని ప్లమ్ పళ్లు వీధి పొడుగునా దొర్లాయి.
వెనకనుంచి గంట.
నా పాదం లేని గంట.
లోపల కూర్చుంటే గ్లాసుకి చెంచా తగిలినట్టుండేది.
వీపు మీద మోగితే
ఇంత ఉంటుందా అది?
గొడుగామే, ఎక్కడున్నావో,
ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

నాలుగు రోజులు సైకిలు సెల్లార్‌లో పెట్టి తాళం వేశాను.
అయిదో రోజు ఆదివారం, తెల్లవారుజాము.
అదే చోటు, అదే పట్టాలు, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు.
పదకొండుసార్లని
పేపర్ల కొట్టు ముసలాయన లెక్క చెప్పాడు.
నేను ఏడు దాకానే లెక్కపెట్టాను,
తర్వాత భయం గుర్తుకు రాలేదు.

ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికినదాన్ని.
నిన్న నడిరోడ్డు మీద
భుజం మీదుగా వెనక్కి చూసి
ఎడమ చెయ్యి బారుగా చాచాను.
అడగడానికి కాదు,
ఇటు పోతున్నానని చెప్పడానికి.
ఒక వ్యాన్ గొణుక్కుంటూ ఆగింది.
దాని పక్కన ట్రామ్ కూడా,
నీలంగా, బుద్ధిగా.

ఆ సందు
రోజుకి పదహారుసార్లు, ఒక్కో క్షణం చొప్పున
ఎర్ర తలుపు ఒకటి, అంజూరపు కొమ్మ ఒకటి కనిపించి మాయమైపోయేది.
లోపల ఏముందో అనుకునేదాన్ని.

ఏమీ లేదు.
ఆరేసిన దుప్పట్లు, రెండు చెత్తడబ్బాలు,
నన్ను లెక్కచెయ్యని పిల్లి. చివర గోడ.

దిగి, హ్యాండిల్ పట్టుకుని
సైకిల్ని వెనక్కి తిప్పాను.
ఎంత తేలిగ్గా తిరిగిందో.