నూట ఇరవై అయిదు దగ్గర

గోడలకు చెవులుంటాయంటారు.
చర్లపల్లిలో నేను పనిచేసే గదిలో మాత్రం
గోడలు చెవిటివి.
మూరెడేసి నల్లటి నురగ శంకువులు
పైకప్పు దాకా బారులు తీరి
ఏ తరంగమొచ్చినా మింగేస్తాయి,
ఒక్క ముక్క తిరిగి చెప్పవు.
లోపలికి రాగానే నా ఫోను నోరు మూస్తుంది.
ఆడపడుచు మిస్డ్‌కాళ్లు
ఇనుప తలుపు బయటే క్యూ కడతాయి.

ఉన్నది ఒక్కటే చెవి,
స్తంభం మీది యాంటెన్నా.
మీటరెత్తు నుంచి నాలుగు మీటర్ల దాకా
ఎక్కుతూ దిగుతూ,
తిరుగుడు బల్ల మీద మెల్లగా తిరిగే పెట్టె
ఏం గొణుగుతోందో వింటుంది.

పెట్టె మొయిజ్ భాయ్‌ది.
కోఠి గుజరాతీ గల్లీలో ముప్పై ఏళ్లు
బరాత్ బ్యాండ్లకు ఆంప్లిఫయర్లు చేసిన చేతులు.
ఇప్పుడు అదే డబ్బాకు నెట్ తీగ, తెర తీగ,
రెండు యూఎస్‌బీ రంధ్రాలు.
"జమానా మారింది గదమ్మా!"

పుస్తకమూ మారింది భాయ్.
అప్పట్లో బీరువాలో రెండు అట్టలుండేవి.
పాడేదైతే పదమూడు,
లెక్కలు చేసేదైతే ఇరవై రెండు.
పాడుతూ లెక్కలు చేసేదాన్ని
ఏ వాకిట్లో నిలబెట్టాలో తేలక
శేషాచలం సారు, వచ్చిన కంపెనీవాళ్లు
టీ చల్లారేదాకా కొట్లాడుకునేవారు.
తర్వాత రెండు బిందెల నీళ్లూ
ఒకే గంగాళంలో పోశారు.
దాని పేరు ముప్పై రెండు.
పాత పదమూడు ఇప్పుడు
ప్రింటరు కింద ఎత్తుకి పనికొస్తోంది.

"పదమూడూ ఇరవై రెండూ
ముప్పై అయిదు గద,
మిగిలిన మూడు ఏడ పోయినయ్?"
మొయిజ్ భాయ్ నవ్వడు, నిజంగానే అడుగుతాడు.
నేనూ నవ్వలేదు.
తెర మీద గీత కింద గడ్డిలా పరుచుకున్న శబ్దంలోంచి
ఒక ముల్లు లేచింది.
నూట ఇరవై అయిదు మెగాహెర్ట్జ్ దగ్గర,
గీతకు పైన
సరిగ్గా మూడు డెసిబెల్స్.

"పోయినేడు పాసైంది గదా?"
పోయినేడు దీనికి నెట్ తీగ లేదు భాయ్.
ఇరవై అయిదు చొప్పున కొట్టుకునే చిన్న స్ఫటికం
అయిదో మెట్టు మీద నిలబడి అరుస్తోంది.
"అరుస్తే ఎవరికి వినపడుతది?"

నేను పైకి చూశాను, నురగే కనిపించింది.
ఆ మెట్టు చుట్టుపక్కలే
విమానం నడిపేవాడూ
కింద టవర్లో కూర్చున్నవాడూ
ఒకరినొకరు పిలుచుకుంటారు.
వాన రాత్రి శంషాబాద్‌లో దిగేవాడి చెవిలో
మీ డబ్బా గొణిగితే?
ఒక్క డబ్బా గొణుగుడు అంత దూరం పోదు, నాకు తెలుసు.
కానీ ఈ ఊళ్లో
డబ్బా ఒక్కటే ఎప్పుడుంది?
యూసుఫ్‌గూడలో మా మేడ మీద
పదకొండు వాటాలు, పదకొండు రౌటర్లు,
గోడ అవతలి మిక్సీకి
మా నాన్న రేడియోలో వార్తలు తెగిపోయేవి.
ఆయన మిక్సీని తిట్టలేదు,
రేడియోనే చెంపదెబ్బ కొట్టేవాడు.

మూత విప్పాం.
రాగి పట్టీ బిగించాను, ముల్లు కదల్లేదు.
తీగకు ఫెరైటు గుండు తొడిగాను,
అర డెసిబెల్ తగ్గి మళ్లీ మొండికేసింది.
మూడున్నర అయింది.
గంట అద్దె మీటరు మొయిజ్ భాయ్ నుదుటి మీద నడుస్తోంది.
అప్పుడు ఆయనే వేలితో తడిమి తడిమి
వెనక పలక మూల మరను ఆపి చూశాడు.
"రంగు."
మెరుపు కోసం కొట్టించిన నల్ల రంగు
మర కింద పొరలా పరుచుకుని
ఇనుముకు ఇనుము తగలనివ్వడం లేదు.
స్కూటర్ తాళంచెవితో గీకాడు,
దోసె పెనం గీకినట్టు, ఓపిగ్గా,
తెల్లగా మెరిసేదాకా.

తలుపు వేశాం. బల్ల తిరిగింది. చెవి ఎక్కింది, దిగింది.
ముల్లు గడ్డిలో కలిసిపోయింది.

రిపోర్టు మీద సంతకం పెడుతుంటే
మళ్లీ అదే ప్రశ్న:
"ఆ మూడు ఏడ పోయినయ్?"
"రంగు కింద ఉన్నయ్ భాయ్."
ఈసారి నవ్వాడు.

బయటకు రాగానే ఫోను
ఏడుసార్లు వణికింది.