పాకాల నీళ్ల లెక్క

ఆఫీసు రిజిస్టర్ల మూడే గళ్లు:
వచ్చింది, పోయింది, నిలువ.

నీరటి ఓదెలు తూము మెట్ల మీద నిలవడి
తడిసిన రాళ్లు లెక్కవెట్టి చెప్తడు,
నేను రాస్త.

అడివి ఒర్రెలు ఆరు దినాలు మోసినయి,
ఏడోనాడు మత్తడి దుంకింది.
మా తాన పోయినయని కొట్టేసిన నీళ్లు
కిందూరి చెరువు పుస్తకంల వచ్చినయి.

అయినా ఒక మెట్టు తక్కువ.
ఎండ తాగిందా అంటే
"ఎండకు గంత కడుపెక్కడిది?"
బీడి చెవి సందుల చెక్కి
కట్ట కింది దిక్కు సూపెట్టిండు:
"ఉగాది దాటినంక ఎల్లవ్వ బాయిల తొంగిసూడు."

బాయికి గడి లేదు.
అంచున పెన్సిల్‌తోని రాసిన: ఎల్లవ్వకు చేబదులు.
ఓదెలు ఏలుముద్ర ఏసిండు.
ఏలు ఇంకా తడిగనే ఉండె,
సిరా పాకి
గీత దాటింది.