ఒక గుంట ఎక్కువ

తాళం చెవులు రెండు.
ఒకటి నా మెళ్లో, ఒకటి విమలా మేడం కొంగు ముడిలో.
రెండూ కలిస్తే తప్ప
ఆ ఇనప్పెట్టె నోరు విప్పదు.
లోపల నగలేం లేవు,
నొప్పి మాత్రలు.

లెక్కపెట్టు, సంతకం పెట్టు.
సంచిలో వేసుకో, సంతకం పెట్టు.
ఖాళీ అట్ట వెనక్కి తే, మళ్లీ సంతకం.
మార్ఫిన్ కదమ్మా, అంటుంది మేడం,
ఒక్కటి దారి తప్పినా
లైసెన్సు పోతుంది,
ఊళ్లో ఉన్న నొప్పులన్నీ మన గుమ్మంలో పడతాయి.

జ్ఞానాపురంలో ఎల్లాజీ గారిది మూడో అంతస్తు.
పోర్టు నల్లదుమ్ము కిటికీ గట్టు మీద ఎంత పేరుకుంటుందంటే
వేలితో తేదీ రాసుకోవచ్చు.
నా ఫారం అడుగుతుంది:
కుక్క ఉందా? లేదు.
మెట్లకు రెయిలింగు? లేదు.
ఆక్సిజన్ సిలిండరుకూ పొయ్యికీ మధ్య
పదడుగులు ఉన్నాయా?
గది మొత్తం ఎనిమిదే.
సిలిండరు గుమ్మం బయట నిలబెట్టి
గొట్టం లోపలికి పాకించాం.
పోలమాంబ పటం ముందు దీపం ఆర్పేసి
బంగారమ్మ ఎర్ర బల్బు వెలిగించింది.
"అమ్మోరేటీ అనుకోదులే."

ఫారం అడగనివి కొన్నున్నాయి.
తలుపుకి జారబడి నా సంచినే చూసే మరిది,
"మత్తుదంట కదా, నడుం నొప్పండీ, ఒకటియ్యండి"
అని నవ్వినట్టు నవ్వడం.
రాత్రి తొమ్మిదికి మెట్ల మలుపులో చీకటి.
ఫోను చెవికి ఆనించుకుని
అవతల ఎవరూ లేని మాటకి
ఊఁ, ఊఁ, వచ్చేస్తున్నా అంటూ
నేను దిగడం.

ముప్పై ఏళ్లు క్రేను నడిపిన మనిషి ఎల్లాజీ.
ఓడ కడుపులోంచి టన్నులు టన్నులు ఎత్తినవాడు
ఇప్పుడు చెయ్యి ఎత్తమంటే
కళ్లతో ఎత్తుతాడు.
"నాను టన్నులు లెక్కెట్టినోణ్ణి,
నువ్వు మిల్లీగ్రాములు లెక్కెడతన్నావు.
ఇద్దరిదీ తూకపు బతుకేనమ్మా."
నవ్వబోతే దగ్గొచ్చింది.
దగ్గు తగ్గేదాకా
మేమిద్దరం దేన్నీ లెక్కపెట్టలేదు.

గురువారం సాయంత్రం నాలుగింటికి పోయాడు.
ఏడింటికి వెళ్లాను.
మిగిలిన మందు ఆ రోజే తెచ్చేయాలి, అది రూలు.
శవం పక్కన ఏడుస్తున్న మనిషిని
అట్టలిమ్మని అడగాలి, అదీ రూలే.
ఎలా అడగాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.
బంగారమ్మే లేచింది.
పంచదార డబ్బా వెనకనుంచి తీసి
నా ఒళ్లో పెట్టింది.

కాగితం మీద వేసినవి ఇరవై ఐదు.
అట్టలో ఖాళీ గుంటలు
ఇరవై ఆరు.
మళ్లీ లెక్కపెట్టాను. వేలు పెట్టి లెక్కపెట్టాను.
ఇరవై ఆరు.

"రాత్రి మూడింటికి కక్కేసేడమ్మా.
ఇంకోటేసేను.
నీకు ఫోను సేసేను, నువ్వెత్తలేదు."

మూడు మిస్డ్ కాల్స్. నిజమే.
ఆ వేళకి ఆరిలోవలో
ఇంకో మంచం పట్టె మీద ఉంది నా చెయ్యి.
కక్కిన మాత్ర ఏదని అడగను,
నేల కడిగేసిన తడి ఇంకా ఆరలేదు.
మరిది కిందెక్కడో కుర్చీలు దించుతున్నాడు.
నాకేం తెలుసు?
తెలియదని రాయడానికి గడి లేదు.
కారణం అన్న గడి రెండంగుళాలు.

రోగి వాంతి చేసుకున్నారు, అని రాశాను.
చూసినవారు: బంగారమ్మ.
ఆమె వేలుముద్ర వేసింది.
తడి చెయ్యి.
సిరా గడి గీత దాటి
పక్క గడిలోకి పాకింది.

దిగుతూ ఫోను చెవికి పెట్టుకున్నాను, అలవాటు.
ఊఁ, ఊఁ.
మలుపులో ఎవరో లైటు వేశారు.
మరిది.
వెలుగు నా మొహం మీద కాదు, నా కాళ్ల ముందు పడింది.
"సూసి దిగండి, ఆ మెట్టు ఇరిగింది."
సంచి గట్టిగా పట్టుకునే దిగాను.
సిగ్గేసింది. అయినా వదల్లేదు.

రేపు పొద్దున రెండు తాళాలూ కలుస్తాయి.
మేడం కళ్లజోడు సవరించుకుని
ఆ చెదిరిన ముద్ర దగ్గర ఆగుతుంది.