గార్డినర్‌లో పెట్రోలు పోసేవాడు

అయిదు రోజుల దారి నాది.
ఎల్లోస్టోన్ చుట్టూ నాలుగు గుర్రాల బండి,
వెనక పదకొండు మంది
దుమ్ముకోట్లలో పిండిబొమ్మల్లా.

మధ్యాహ్నం మిసెస్ థ్రాష్ గుడారంలో భోజనం.
ఆవిడ బీన్సూ ఆవిడ నోరూ రెండూ వేడే.
గీజరు ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలీదు,
అందుకని కూర్చునేవాళ్లం.
ఒహాయో టీచరమ్మ ఒకావిడ
నా గుర్రాల పేర్లన్నీ రాసుకుంది.
నా పేరు అడగలేదు. పోనీ.

పదిహేనో సంవత్సరం ఆగస్టులో
దగ్గుకుంటూ వచ్చాయి కార్లు.
మలుపు మలుపుకీ హారన్ కొట్టాలని రూలు,
గుర్రం ఎదురైతే పక్కకి ఒదిగి ఆగాలని రూలు,
చీటీ మీద టైము వేసి పంపేవారు,
ముందుగా చేరితే జరిమానా!
తొందరపడ్డందుకు డబ్బు కట్టేవాళ్లని చూసి
గుర్రాలసాలలో పొట్ట పట్టుకుని నవ్వాం.
రెండేళ్లు తిరక్కుండా
అదే సాలలో గుర్రాల్ని వేలం వేశారు.
మిసెస్ థ్రాష్ గుడారం గుంజలు పీకేశారు.
ఆకలేసే లోపే కార్లు దాటిపోతున్నాయి మరి.

ఇప్పుడు పంపు కర్ర ఊపుతాను.
అబద్ధమాడను,
నా బండి ఎక్కింది సిల్కు గొడుగులవాళ్లే.
ఇప్పుడు బ్యూట్ గనుల్లోంచి వస్తారు,
కారు నెత్తిన పరుపు, పక్కన వేలాడే పెనం,
వెనక సీట్లో లెక్కకి దొరకని పిల్లలు.
కిందటి వారం ఒకాయన
నల్లటి గోళ్లతో చిల్లర లెక్కపెడుతూ
"మా పిల్ల గీజరు చూసింది" అన్నాడు,
అదేదో తనే తవ్వి తీసినట్టు.
నా బండిలో సీటంటే అతనికి సగం నెల జీతం.
ఒప్పుకుంటాను.
ఒప్పుకున్నప్పుడల్లా గొంతులో నలక పడుతుంది.

ఇంకొకడిని అడిగాను, ఏం చూశావని.
"నూటనలభై మైళ్లు" అన్నాడు.

నా క్లోవర్‌ని లివింగ్‌స్టన్ పాలవాడు కొన్నాడు.
మొన్న చూడ్డానికి వెళితే ఒకటే తిట్లు.
వీధి వంపు తిరిగితే చాలు ఆగిపోతుందట.
ఇల్లుండదు, పాలు పోయించుకునేవాళ్లుండరు,
ఉత్త ఇటుకగోడ ముందు
చెవులు నిక్కించి నిలబడుతుందట.

నా కళ్లముందే ఆగింది.
వాడు కొరడా తీశాడు.
చెయ్యి పట్టుకున్నాను.
ఉండవయ్యా,
దిగినవాళ్లు ఇంకా ఎక్కలేదు.