కీలెరిగినామె

గాలికి తిరగబడ్డ గొడుగు
విరక్కుండా తనంతట తాను వెనక్కి వచ్చేలా
చువ్వ మధ్యలో ఒక కీలు పెట్టాను.
పెసరగింజంత ఉంటుంది.
ఆరేళ్లు పట్టింది,
ఎడమ చూపుడువేలి గోరు కూడా పోయింది.

సవాకో కురామోచి గారు పేటెంట్ రాయడానికి
హిగాషి ఒసాకాలో మా షెడ్డుకి వచ్చిన రోజు
ఇదేం చేస్తుందని అడగలేదు.
ఎప్పుడు మొరాయిస్తుందని అడిగారు.
లేతు మిషను పక్కన నూనె మరకల స్టూలు మీద కూచుని
తిప్పుతూనే ఉన్నారు, తిప్పుతూనే ఉన్నారు.
వేలు తెగింది.
నెత్తుటి చుక్క నోట్లో పెట్టుకుని
ఇంకొక్కసారి తిప్పారు.
తర్వాత ఆమె రాసిన పద్నాలుగు పేజీలు చదివాకే
నా కీలేమిటో నాకు తెలిసింది.

పెద్ద కంపెనీ ఒకటి దాన్నే పెట్టి
స్టేషన్ కొట్లన్నిట్లో అమ్మేసింది.
కోర్టుకెక్కాం.

అక్కడ ఆమె సహాయకురాలు మాత్రమే.
పక్కన కూచోవచ్చు, మాట్లాడనూ వచ్చు,
కానీ ప్రతినిధుల వరసలో ఆమె పేరుండదు.
ఆ వరస లాయర్లది.
మా లాయరు ఇబుకి చిన్నవాడు, మర్యాదస్తుడు,
గొడుగుని వానలో తప్ప చూసి ఎరగడు.
జడ్జి అడిగితే కీలుని కొక్కెం అన్నాడు.
సవాకో గారు లేచి, "కొక్కెం కాదు, కీలు" అన్నారు.
బెదిరిపోయాడు పాపం.
కొక్కెం అని కాగితాల్లోనూ రాశాడు మరి.
"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాం" అన్నాడు.

అంతే.
అన్న మాట అననట్టయింది.
ఆమె ఇంకా నిలబడే ఉన్నారు,
గదిలో ఎవరూ నిలబడి లేనట్టు.

కీలెరిగి వాత పెట్టమన్నారు.
ఎరిగినామె ఒకరు,
వాత పెట్టే హక్కున్నవాడు ఇంకొకడు.
ఓడిపోయాం.

ఆ రాత్రి ఫోను చేస్తే ఎత్తలేదు.
మర్నాడు తెలిసింది, ఫీజు కట్టి వచ్చారట.
యాభై ఏడేళ్ల మనిషి
నలభై ఐదు గంటల శిక్షణకి.
దావా ఎలా వేస్తారు, సాక్ష్యం ఎలా నిలుస్తుంది,
ఏ గడువు దాటితే ఏ తలుపు మూసుకుంటుంది.
పక్క బల్లల మీద కొడుకు వయసు వాళ్లు.
ఆపైన పరీక్ష.
పెన్ను పట్టిన చోట వేలు కాయకట్టిందని చూపించారు.
నా వేలు పక్కన పెట్టి చూసుకున్నాం, ఇద్దరం.

పాసయ్యారు.
రిజిస్టరులో ఆమె పేరు కింద ఒక్క వరస చేరింది:
ఉల్లంఘన దావాల్లో ప్రతినిధిగా నిలబడవచ్చు.
దాని వెనకే షరతు,
అదే దావాలో లాయరు కూడా ఉంటేనే.
నాకు ఒళ్లు మండింది. ఆమెకు నవ్వొచ్చింది.
"ముప్ఫై ఏళ్లుగా ఇలాంటి వాక్యాలే రాస్తున్నానండీ:
ఒకటో క్లెయిములో చెప్పిన కీలుతో కూడినట్టి గొడుగు.
ఇప్పుడు నేనే రెండో క్లెయిముని,
ఒకటో క్లెయిములో చెప్పిన లాయరుతో కూడినట్టి సవాకోని."
నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
నవ్వుకేనా అని నేను అడగలేదు.

అప్పీలు తోక్యోలో.
జడ్జి అదే ప్రశ్న వేశారు.
ఇబుకి లేచాడు, ఆమె వైపు చూశాడు, కూచున్నాడు.
సవాకో గారు గొడుగు విప్పి
అందరి ముందూ తిరగేశారు.
కిటుక్కుమంది.
పెసరగింజంత చప్పుడు.
ఆ తర్వాత ఆమె మాట్లాడినదంతా
ఆమె మాటగానే రాసుకున్నారు.
అందులో సగం నాకు అర్థం కాలేదు.

తీర్పింకా రాలేదు.
బయటికొస్తే వాన.
గొడుగేమో సాక్ష్యంగా లోపలే ఉండిపోయింది.
తడిసి ముద్దై స్టేషను చేరాం.
కొట్లో వేలాడుతున్న గొడుగొకటి అందుకుని
ఇబుకి విప్పి, తిరగేసి,
చువ్వ మధ్య వేలితో తడిమి
"కీలు" అన్నాడు.

"కొనకండి" అన్నారామె.