మొగ మూసిన ఏడు

బరంపురం బజార్లో మూడు తట్టలు దింపి
దేముడమ్మ నన్ను చెయ్యి చాపమంది.
ఒక్కో తట్టలోంచి ఒక్కో రొయ్య పెట్టి
"ఏ నీళ్లదే ఇది?" అంది.

నాకేం తెలుసు, ఎనిమిదేళ్లదాన్ని.
అన్నీ తడే, అన్నిటికీ మీసాలే.

నీలం చేతులది బాహుదా ఎగువదట.
"తియ్యనీళ్లలోనే బతుకు దీనిది.
కడుపుతో ఉన్నప్పుడు మాత్రం
ఉప్పు వెతుక్కుంటా కిందికి దిగుతాది.
పుట్టింటికి కాదు, పురిటికి."

చారలది నడిసముద్రంలో పుట్టిందట.
"గోరంతప్పుడు పోటుతో మొగ దాటొచ్చి
చవిటినీళ్లలో బలిసి
మళ్లీ లోతుకి పోవాల.
ఈలోగా మీ అయ్య వల."

మూడోది గింజంత.
దాని గురించి ఏం చెప్పలేదు.
పచ్చిదే నోట్లో వేసుకుంది.
"మడికాలవ. ఎరువేసి నాలుగు దినాలు" అని ఊసింది.

"చింగుడి కేతే?" అంటూ ఎవరో వంగారు.
ఒడియాలో బేరం, తెలుగులో లెక్క,
చిల్లర మాత్రం ఏ భాషలోనూ సరిపోలేదు.

ఇప్పుడు నాకు జీతమిచ్చేది తెల్లరొయ్య.
డబ్బాలో వచ్చింది, విమానమెక్కి.
దాని చెరువుకి పోటు లేదు, పాటు లేదు,
రాత్రంతా తిరిగే చక్రాలే.
పొద్దున్నే గాజుపలక మీద ఓ చుక్క వేసి
వెలుతురుకెత్తి చూసి
పుస్తకంలో అంకె రాస్తాను.

నిరుడు సోనాపూర్ దగ్గర ఇసుక మేటేసి
మొగ మూసుకుపోయింది.
నలభైమంది పారలతో దిగారు.
రెండోనాటికి కాలవలో నీళ్లు ఊరాయి.
నేను పలకెత్తి చూసి
"తొమ్మిదుంది, ఉప్పొచ్చేసింది!" అని అరిచాను.

దేముడమ్మ వేలు ముంచి నాక్కుంది.
"ఉప్పుందిలే.
పాతది. కదల్లేదు.
తవ్వండ్రా."

మూడోనాడు, చీకటుండగానే,
ఇసుక గోడ దానంతటదే కూలింది.
ఎవరి పారో కొట్టుకుపోయింది,
చోడిపిల్లి గుర్నాథం చెప్పులు కూడా.
ఆయన తిట్లు అవతలి ఒడ్డుదాకా వినబడ్డాయి.

ఆమె ఈసారి రుచి చూడలేదు.
చీర ఎగ్గట్టి మోకాలిలోతుకి దిగి
టార్చి ఇలా పట్టమంది.

నీళ్లలో ఏమీ లేదు.
ఒళ్లు లేదు, మీసం లేదు, నీడా లేదు.
నల్లచుక్కలు,
రెండేసి, రెండేసి,
ఆమె పిక్కల్ని ఒరుసుకుంటూ
లోపలికి.