గుడ్డుపీత ఖాతా

కాట్రేనికోన సెంటర్లో నాది జిరాక్సు కొట్టు.
పడవ రిజిస్ట్రేషన్లు, చెరువు లీజు కాగితాలు,
పెళ్లికార్డులు, పోలీసు కంప్లయింట్లు,
ఏదైనా సరే పేజీకి ముప్పై.

కరెంటు వచ్చిపోతున్న ఓ శ్రావణ మధ్యాహ్నం
బలుసుతిప్ప నుంచి పెమ్మాడి లోవమ్మ వచ్చింది.
సంచిలోంచి ఒక ఫారం, ఒక రూళ్ల పుస్తకం తీసింది.
"సముద్రాన్ని పాడుసేయకుండా యాపారం సేసినోళ్లకి
కాకినాడలో అవార్డులంటండి.
నింపి పంపమన్నాడు ఫిషరీసు బాబు."

లోవమ్మది పీతల కాటా.
మడల్లోంచి తెచ్చిన మండపీతల్ని కొని
డెక్కలు కట్టి, తడిగోనెల్లో సర్ది
చెన్నై బండికెక్కిస్తుంది.
గుడ్డుతో ఉన్నది వస్తే మాత్రం
సగం ధర చేతిలో పెట్టి,
దాని వీపున ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టి,
మొగదాకా తీసుకెళ్లి వదిలేస్తుంది.
ఆ సొమ్ము, అమ్మిన కిలోకి పది చొప్పున పక్కన తీసింది.
చుక్కతోటే మళ్లీ తెచ్చినవాడికి ధర లేదు,
టీ ఉంటుంది.

మీ ఆవిష్కరణ ఏమిటి? అంది ఫారం.
"ఏవుందండీ. తల్లిని సంపితే పిల్లలెక్కణ్ణించొత్తాయి?"
సంతానోత్పత్తి వనరుల పరిరక్షణ నమూనా, అని కొట్టాను.
మీ పోటీదారులెవరు?
"మా మరిదే. గుడ్డుపీతక్కూడా ఫుల్లు రేటిత్తాడు."
సంప్రదాయ మార్కెట్ శక్తులు, అని కొట్టాను.
సముద్రానికి జరిగిన మేలు, అంకెల్లో?
ఆవిడ పుస్తకం నావైపు జరిపింది.
మూడేళ్ల గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
కొన్నిచోట్ల తడిసి అలుక్కుపోయాయి.
రెండుసార్లు లెక్కపెట్టాను,
రెండువేల ఆరువందల పద్నాలుగు.

తెర మీద మరీ బక్కగా కనబడింది.
పక్కన గీత ఆరుతూ వెలుగుతూ
ఇంకా, ఇంకా, అంటున్నట్టే ఉంది.
సున్నా ఒక్కటీ లేని అంకెకి ఎవరిస్తారు అవార్డు?
పదివేలు, అని కొట్టాను.
ఆవిడ చదువు గీతలవరకే అని నా ధైర్యం.

రొయ్యపొట్టుతో సంచులు చేసిన కుర్రాళ్లకి మొదటి బహుమతి.
లోవమ్మకి ప్రోత్సాహకం, గాజుతో చేసిన కెరటం.
మైకులో అమ్మాయి తీయగా చదివింది,
"పదివేల తల్లిపీతలకు ప్రాణం పోసిన…"
చప్పట్లు.
ఫోటో తీసేవాడు ఇటు చూడమన్నాడు.
ఆవిడ మూడో వరసలో నన్ను చూసింది.

ఎదుర్లంక వంతెన మీదికి బస్సు వచ్చేదాకా మాట్లాడలేదు.
కింద గోదావరి, దీపం లేని నావ ఒకటి.
గాజుకెరటాన్ని కిటికీలోంచి విసిరేస్తుందనుకున్నాను.
కొంగుతో తుడిచి, తిప్పి చూసి,
"దీనికి పోటే ఉందండి, పాటు లేదు," అంది.
తర్వాత, టికెట్టు చిల్లర అడిగినంత మామూలుగా,
"అయితే ఏడువేల మూడొందల ఎనభయ్యారు
బాకీ ఉన్నామన్నమాట."
నేను ఫోన్లో తీసివేత చేసి చూశాను.
సరిపోయింది.

ఇప్పుడు కిలోకి పదిహేను తీస్తోంది.
ఆ అయిదు కోసం ఇద్దరు మరిది కాటాకి మారిపోయారు.
కెరటం, గాలికి పుస్తకం ఎగరకుండా బరువు.
నేను పేజీకో రూపాయి హార్లిక్సు సీసాలో వేసి
నెలాఖరుకి ఇస్తాను.
తీసుకుంటుంది. ఎందుకని అడగదు, బాగుందనీ అనదు.

మొన్న శుక్రవారం నన్నూ పడవెక్కించింది.
మొగ దగ్గర నీళ్లు రెండు రంగులుగా కలబడుతున్నాయి.
"కట్టు ఇప్పి, ఎనకనించి అట్టుకుని వదులు," అంది.
ఎనక అంటే ఎటో నాకు తెలియలేదు.
పీత నా చూపుడువేలు పట్టుకుంది.
అరుస్తుంటే, డెక్క విడిపించి దాన్ని నీళ్లలోకి జార్చి
పుస్తకంలో గీత గీసుకుని,
అప్పుడు నా చేయి చూసింది.
"సున్నాలు కొట్టింది ఈ ఏలేనా?"

వేలికి కట్టుంది. ఇది ఎడంచేత్తో కొడుతున్నాను.
నిన్నటికి ఆరువేల తొమ్మిదివందల నలభై ఒకటి.